చిప్పర్ బ్లేడు: కంపెనీదా, బయటిదా? విశాఖ చెట్లకు ఏది నిలుస్తుంది

చిప్పర్ అంటే నరికిన కొమ్మల్ని చిన్న ముక్కలుగా కోసే యంత్రం. అది కొన్న మొదటి సీజన్లో బ్లేడు గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. యంత్రంతో వచ్చిన సెట్టు అరిగి, సాన పట్టీ పట్టీ సన్నబడి, రెండో సెట్టు కొనాల్సిన రోజున తంటా మొదలవుతుంది. డీలరు ఒక ధర చెబుతాడు. అవే కొలతలు చూపించే సెట్టు ఆన్‌లైన్లో అందులో మూడో వంతుకే కనిపిస్తుంది. గాజువాక ఆటోనగర్లో పాత బ్లేడు నమూనా ఇస్తే ఇంకా చవగ్గా చేసిస్తామంటారు. పక్కపక్కన పెడితే మూడూ ఒకేలా ఉంటాయి: బోల్టు రంధ్రాలున్న మందపాటి ఉక్కు పలక, ఒక అంచున ఏటవాలు పదును. ఏ ఉక్కు వాడారో, దాన్ని ఎలా కాల్చి చల్లార్చారో, కొలతల్లో ఎంత తేడా వదిలేశారో కంటికి కనబడదు. డబ్బు పోయేదీ, ప్రమాదం జరిగేదీ అక్కడే.

తీర్పు ముందే చెప్పేస్తాం. యంత్రం వారంటీలో ఉంటే కంపెనీ బ్లేడే వాడండి, రెండో ఆలోచన వద్దు. వారంటీ దాటాక, ఉక్కు గ్రేడు (ఏ రకం ఉక్కో), హార్డ్‌నెస్ (గట్టిదనం) రెండూ బిల్లు మీద రాసిచ్చే తయారీదారు బయటి బ్లేడు కంపెనీదానికి దాదాపు సమానంగా కోస్తుంది, గంటకయ్యే ఖర్చు తగ్గుతుంది. గ్రేడు పేరు చెప్పలేని చవక సెట్టు ఎటు లెక్కేసినా నష్టమే. లారీ కమాన్ పట్టీ కోసి చేసిన బ్లేడు ఊరికే ఇచ్చినా బిగించకూడదు. బోల్టులు, అన్విల్ (బ్లేడుకి ఎదురుగా కదలకుండా ఉండే కోత పలక) మాత్రం యంత్రం వయసెంతైనా కంపెనీవే తీసుకోండి.

బ్లేడు కంపెనీది అన్నంత మాత్రాన యంత్రం కంపెనీయే దాన్ని తయారుచేసిందని కాదు. వెర్మీర్, బాండిట్, మోర్బార్క్ లాంటి అమెరికా చిప్పర్లకైనా, చైనా యంత్రాలకైనా, మన దేశంలో తయారయ్యే ట్రాక్టర్ చిప్పర్లకైనా ఇది గుర్తుంచుకోవాలి. పారిశ్రామిక కత్తులు మాత్రమే చేసే సంస్థలు వేరే ఉన్నాయి; యంత్ర కంపెనీలు చాలావరకు వాటి దగ్గర తమ డ్రాయింగు ప్రకారం చేయించుకుని పార్టు నంబరు వేసుకుంటాయి. డీలరు దగ్గర మనం అదనంగా కట్టేది ఆ డ్రాయింగు ప్రకారం తనిఖీ అయిందన్న పూచీకి. బయటి బ్లేడు కొంటే ఆ తనిఖీ మనం చేసుకోవాలి. చేసుకునే ఓపిక, సాధనాలు ఉన్నవాళ్లకే బయటి బ్లేడు లాభం. లేనివాళ్లు డీలరు దగ్గరికే వెళ్లడం మేలు.

విశాఖలో బ్లేడు దేనికి అరుగుతుంది

కర్ర గట్టిదనం కంటే కర్రతో పాటు లోపలికి వెళ్లే ఇసుక బ్లేడుని ఎక్కువ తింటుంది. ఇసుక రేణువు క్వార్ట్జ్. అది చిప్పర్ బ్లేడు ఉక్కు కంటే గట్టిది. రుషికొండ నుంచి భీమిలి దాకా సముద్రం ఒడ్డున ఉన్న సరుగుడు చెట్ల బెరడు పగుళ్లలో గాలికి కొట్టుకొచ్చిన ఇసుక కూరుకుని ఉంటుంది. నరికిన కొమ్మల్ని ఇసుక మీద ఈడ్చుకొస్తే ఇక చెప్పక్కర్లేదు. టార్పాలిన్ మీద వేసి లాగడం, మొదలు భాగాన్ని ఒకసారి చీపురుతో కొట్టి దులపడం, ఈ రెండు పనులు చేస్తే ఏ బ్లేడైనా ఎక్కువ కాలం నిలుస్తుంది. సరుగుడు కర్ర అసలే బరువైనది, గట్టిది. నరికిన వారంలోపు పచ్చిగా వేస్తే కోత సులువు. ఎండనిచ్చి వేస్తే అదే లావు కొమ్మకు ఇంజను మూలుగుతుంది, అంచు త్వరగా మొద్దుబారుతుంది.

కొబ్బరి మట్ట మెత్తగా కనిపించి మోసం చేస్తుంది. కొబ్బరి, తాటి జాతి చెట్ల కణాల్లో సిలికా రేణువులు పుట్టుకతోనే ఉంటాయి, అంటే ఇసుక చెట్టులోనే ఉన్నట్టు. పైగా పీచు. అంచు కాస్త మందగిస్తే చాలు, పీచు తెగకుండా వంగి బ్లేడుకీ అన్విల్‌కీ మధ్య దూరిపోతుంది, రోటరు (బ్లేడులు బిగించి తిరిగే భాగం) షాఫ్టుకి చుట్టుకుని బేరింగ్ సీల్ దగ్గర వేడి పుట్టిస్తుంది. రిసార్టులు, అపార్టుమెంట్లు కొబ్బరి మట్టల కోసమే చిప్పర్ తీసుకుంటే, బ్లేడు గ్రేడు ఎంత ముఖ్యమో అన్విల్ సందు అంతకంటే ముఖ్యం. జీడి కొమ్మల జిగురు బ్లేడు వీపున గట్టిపడి, చెక్క పొడిని పట్టుకుని, సందు మూసేస్తుంది. కిరోసిన్ గుడ్డతో తుడిస్తే వస్తుంది. స్క్రూడ్రైవరుతో గీకితే అంచు పోతుంది. నిద్రగన్నేరు, తురాయి కొమ్మలు మెత్తన, వాటితో ఏ పేచీ లేదు. జామాయిల్ పచ్చిగా ఉంటే బాగానే కోసుకుంటుంది.

ఇక రోడ్డు పక్క చెట్లు. బోర్డులు కొట్టిన మేకులు, ఫ్లెక్సీలు కట్టిన బైండింగు తీగ, ఎప్పుడో పెట్టిన ట్రీ గార్డు ఇనుము, ఇవన్నీ చెట్టు మానులో పూడుకుపోయి ఉంటాయి. మనిషి ఎత్తు వరకు ఉన్న మానుని చిప్పర్లో వేయకపోవడమే క్షేమం. కరెంటు తీగల కింద ఈపీడీసీఎల్ కొట్టించే పై కొమ్మలు శుభ్రంగా ఉంటాయి. తుఫాను తర్వాత పరిస్థితి పూర్తిగా వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కూలినట్టు, చెట్లు వేళ్లతో సహా పడతాయి; వేళ్ల మట్టి, గులకరాళ్లు, విరిగిన ప్రహరీ ఇనుము అన్నీ కలిసిపోయి ఉంటాయి. అలాంటి పనిలో ఎంత ఖరీదైన బ్లేడైనా ఒక పూటలో పళ్లు పోగొట్టుకోవచ్చు.

ఈ కారణంగానే ఒకటే సెట్టు అన్ని పనులకీ వాడొద్దంటాం. శుభ్రమైన కొమ్మలకి ఒక సెట్టు, మట్టి-మేకుల పనికి ఇంకో సెట్టు ఉంచుకోవాలి. రెండోది మంచి గ్రేడున్న బయటి సెట్టు అయితే మనసుకీ జేబుకీ భారం తక్కువ. దానికి ఎంచుకోవాల్సిన ఉక్కు కూడా వేరు.

ఉక్కు గ్రేడులు

చిప్పర్ బ్లేడు రెండు విరుద్ధమైన గుణాలు మోయాలి. అరగకూడదు, విరగకూడదు. ఒకటి పెంచితే రెండోది తగ్గుతుంది.

విదేశీ యంత్రాల మంచి బ్లేడుల్లో ఎక్కువగా వాడేది ఏ8 రకం టూల్ స్టీలు, అందులోనూ చిప్పర్ల కోసం మార్చిన రకం. కార్బన్ 0.5 శాతం ప్రాంతంలో, క్రోమియం 8 శాతం ప్రాంతంలో ఉంటుంది. హార్డ్‌నెస్ 55 నుంచి 58 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ గట్టిదనం కొలత). మేకు తగిలితే అంచు కాస్త నొక్కుకుపోతుంది లేదా చిన్న గంటు పడుతుంది, అంతేగాని పెచ్చు లేచి ఎగరడం తక్కువ. విశాఖ రోడ్డు పక్క పనికి సరిగ్గా సరిపోయే ఉక్కు ఇది.

డీ2 అనే ఇంకో టూల్ స్టీలులో కార్బన్ 1.5 శాతం, క్రోమియం 12 శాతం ప్రాంతంలో. ఇసుకకి, సిలికాకి ఇది బాగా తట్టుకుంటుంది, కాబట్టి కొబ్బరి మట్టలకీ, శుభ్రంగా నరికిన సరుగుడుకీ ఏ8 కంటే ఎక్కువసేపు పదును నిలుపుతుంది. కాని 60 హెచ్‌ఆర్‌సీ దాటించి గట్టిపరిస్తే మేకు దెబ్బకి అంచు గాజులా పెచ్చులూడుతుంది. చిప్పర్ కోసం డీ2 తీసుకుంటే 56–58 దగ్గరే ఆపమని చెప్పాలి. కొందరు తయారీదారులు అంకె ఎంత పెద్దదైతే అంత గొప్ప అన్నట్టు 62 అని ప్రకటిస్తారు. ఆ అంకె చూసి వెనక్కి తగ్గాలి.

మన బజారులో హెచ్‌సీహెచ్‌సీ (కార్బన్, క్రోమియం ఎక్కువున్న ఉక్కు) అని అడిగితే వచ్చేది డీ2 కావచ్చు, డీ3 కావచ్చు. రెండింటినీ ఆ పేరుతోనే అమ్ముతారు. డీ3లో కార్బన్ 2 శాతం ప్రాంతంలో ఉంటుంది, డీ2 కంటే పెళుసు. ప్రెస్ టూలు డైలకి అది సరే, కొమ్మలు దబదబా కొట్టుకునే చిప్పర్‌కి కాదు. ఆటోనగర్లో చేయించేటప్పుడు హెచ్‌సీహెచ్‌సీ అని ఊరుకోకుండా డీ2 అని గట్టిగా చెప్పి, ఆ ముక్కకి మిల్లు సర్టిఫికెట్ (ఉక్కు తయారుచేసిన మిల్లు ఇచ్చే పరీక్ష కాగితం) అడగాలి. ఓహెచ్‌ఎన్‌ఎస్ (నూనెలో గట్టిపరిచే టూల్ స్టీలు), ఈఎన్31 (బేరింగు ఉక్కు) తోనూ చేసిస్తారు. పదును బాగా ఎక్కుతుంది గాని దెబ్బకి ఆగవు. చిన్న గార్డెన్ ష్రెడ్డర్లో వేలి లావు పుల్లలకైతే ఓహెచ్‌ఎన్‌ఎస్ నడుస్తుంది, పెద్ద యంత్రానికి వద్దు.

కమాన్ పట్టీ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే చాలామందికి అదే మొదట తడుతుంది. లారీ కమాన్ స్ప్రింగు ఉక్కు; వంగి తిరిగి లేవడానికి టెంపర్ చేసింది (గట్టిపరిచాక మళ్లీ వేడి చేసి పెళుసుదనం తగ్గించింది), హార్డ్‌నెస్ 40ల్లోనే ఉంటుంది. అలాగే కోసి పదును పెడితే గంటల్లో మొద్దుబారుతుంది. మళ్లీ కాల్చి నూనెలో ముంచి గట్టిపరిస్తే, టెంపర్ కొలత లేకుండా చేసిన ఆ పలక ఎక్కడ గట్టో ఎక్కడ పెళుసో ఎవరికీ తెలీదు. దానికి తోడు లక్షల సార్లు వంగిన పాత పట్టీలో కంటికి కనపడని సన్న పగుళ్లు ఉంటాయి. నిమిషానికి వెయ్యి, రెండు వేల చుట్లు తిరిగే రోటరు మీద ఆ పగులు తెగితే, ముక్క హుడ్డు (రోటరు మీది మూత) రేకుని చీల్చుకుని బయటికి రాగలదు. కొమ్మలు అందించే మనిషి అడుగుల దూరంలో నిలబడి ఉంటాడు. విరిగిన బ్లేడుకి వెల్డింగు పెట్టి మళ్లీ వాడటం కూడా ఇంతే ప్రమాదం.

బ్లేడు చేతికొచ్చాక చేయాల్సిన తనిఖీ

గంట పని. వెర్నియర్, కోణం గేజి, ఫీలర్ గేజి (సందు కొలిచే సన్న రేకులు), 1 గ్రాము దాకా చూపించే కాటా ఉంటే సరిపోతుంది. పక్కన కొత్తదో, తక్కువ వాడిందో కంపెనీ బ్లేడు నమూనాగా పెట్టుకోవాలి. అరిగిన బ్లేడుని నమూనాగా వాడితే వెడల్పు తప్పుతుంది.

ముందు మందం, నాలుగు చోట్ల. ఒకే బ్లేడులో రెండు చివర్ల మధ్య, సెట్టులో బ్లేడుకీ బ్లేడుకీ మధ్య 0.1 మి.మీ. దాటి తేడా ఉంటే తిప్పి పంపండి. మందంలో వచ్చే తేడా నేరుగా అన్విల్ సందులోకి వెళ్తుంది. తర్వాత రంధ్రం నుంచి పదును అంచు దాకా దూరం, రంధ్రాల మధ్య దూరం, రంధ్రం వ్యాసం. బయటి బ్లేడుల్లో ఎక్కువగా దొరికే లోపం ఇక్కడే: ఏ యంత్రానికైనా పట్టాలని రంధ్రాన్ని అర మిల్లీమీటరు పెద్దదిగా వేస్తారు. బోల్టు బిగిస్తే కూర్చున్నట్టే ఉంటుంది, దెబ్బలు తగిలే కొద్దీ బ్లేడు జరుగుతుంది. బోల్టు తల దిగే గుంట కోణం, లోతు కూడా చూడాలి. తల పూర్తిగా దిగకుండా అంచు మీద ఆనితే బోల్టు ఒక పక్కకే బరువు మోసి, తల తెగుతుంది.

ఏటవాలు కోణం యంత్రాన్ని బట్టి 30 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటుంది. మీ కంపెనీ బ్లేడు ఎంత ఉందో బయటిదీ అంతే ఉండాలి. తక్కువైతే కోత తేలిగ్గా ఉంటుంది గాని అంచు పలచనై విరుగుతుంది. ఎక్కువైతే యంత్రం కర్రని లాక్కోదు, తోస్తున్నట్టు ఉంటుంది. బ్లేడుని మందపాటి అద్దం మీదో, సర్ఫేస్ ప్లేటు మీదో బోర్లించి కింద 0.05 మి.మీ. ఫీలర్ దూర్చి చూడండి. దూరితే బ్లేడు వంపు తిరిగింది, అంటే హీట్ ట్రీట్‌మెంట్ తర్వాత గ్రైండింగు చేయకుండా వదిలేశారు.

హార్డ్‌నెస్ కోసం కొత్త ఆకురాయితో మూలన గీసి చూడటం అందరూ చేసేదే. 56–58 ఉన్న బ్లేడు మీద ఆకురాయి జారుతూ చాలా కొద్దిగా పడుతుంది, 45 లాంటి మెత్తనిదాన్ని సునాయాసంగా కోస్తుంది. మోసాన్ని పట్టడానికి అది చాలు గాని 55కీ 60కీ తేడా చెప్పదు. ఉక్కు కర్మాగారం ఉన్న ఊళ్లో రాక్‌వెల్ పరీక్షకి (గట్టిదనానికి), స్పెక్ట్రో పరీక్షకి (ఉక్కులో ఏమేం ఉన్నాయో చూడటానికి) ల్యాబు వెతుక్కోవడం పెద్ద కష్టం కాదు. మొదటిసారి ఒక తయారీదారు దగ్గర కొంటుంటే సెట్టులో ఒక బ్లేడుకి రెండూ చేయించండి. పైపొర కాస్త పాలిష్ చేశాకే కొలవాలి. కాల్చేటప్పుడు కార్బన్ పోయిన పొర పైన మిగిలి ఉంటే అంకె తప్పుగా తక్కువ చూపిస్తుంది. అంచు దగ్గర రెండు చోట్ల, బోల్టు రంధ్రం దగ్గర ఒక చోట చూడమనండి. అంచు మాత్రమే గట్టిగా, వీపు మెత్తగా ఉంటే మంటతో అంచుని మాత్రమే గట్టిపరిచారన్న మాట. రెండుసార్లు సాన పట్టేసరికి ఆ గట్టి భాగం అయిపోతుంది.

బరువు తేడా చాలామంది వదిలేస్తారు, వదిలేయకూడదు. ఒక లెక్క చూడండి. రోటరు మధ్య నుంచి బ్లేడు 15 సెం.మీ. దూరంలో ఉండి, నిమిషానికి 2400 చుట్లు తిరుగుతుంటే, ఎదురెదురు బ్లేడుల మధ్య 10 గ్రాముల తేడా దాదాపు 9.7 కిలోల బలంతో షాఫ్టుని గుంజుతుంది, సెకనుకి 40 సార్లు. 30 గ్రాముల తేడా అయితే 29 కిలోలు. ఇది రోజంతా బేరింగు మోస్తుంది. బ్లేడు కొన్నప్పుడు మిగిలిన డబ్బు కంటే బేరింగు మార్పిడికి ఎక్కువ అవుతుంది. ఈ సైజు యంత్రంలో ఎదురెదురు బ్లేడుల మధ్య 5 గ్రాములు దాటితే ఆ జత పనికిరాదు. మూడు, నాలుగు బ్లేడుల యంత్రమైతే దగ్గర బరువులవి ఎదురెదురుగా వచ్చేలా అమర్చుకోవాలి. ఒక బ్లేడు పాడైతే ఒక్కటే కొని కలపడం, కంపెనీది ఒకటి బయటిది ఒకటి వేయడం, రెండూ తప్పే.

కంపెనీ పేరు చెక్కి అమ్మే నకిలీలూ ఉంటాయి. అసలు బ్లేడు మీద పార్టు నంబరుతో పాటు సాధారణంగా లాటు గుర్తు కూడా ఉంటుంది. అందుకే బిల్లు ముఖ్యం. జీఎస్టీ బిల్లు మీద యంత్ర కత్తుల హెచ్‌ఎస్‌ఎన్ వర్గం 8208 కనిపించాలి. విడిభాగం అని మాత్రమే రాసి ఇచ్చే బిల్లుతో రేపు తిరిగివ్వడానికి వెళ్తే మాట నిలవదు.

గంట ఖర్చు లెక్క

ధరలు రోజుకోలా ఉంటాయి కాబట్టి కంపెనీ సెట్టుని 100 అనుకుందాం. ఈ కింది గంటలు లెక్క చూపించడానికే, మీ పనిని బట్టి మీ అంకెలు వేసుకోండి. కంపెనీ సెట్టు ఒక పదునుకి 20 గంటలు, 6 సార్లు సాన పట్టొచ్చు, సానకి ప్రతిసారీ 5 అనుకుంటే: 130 ఖర్చుకి 140 గంటలు, అంటే గంటకి 0.93. గ్రేడున్న బయటి సెట్టు 60 ధర, పదునుకి 18 గంటలు, 5 సానలు: 85 ఖర్చుకి 108 గంటలు, గంటకి 0.79. గ్రేడు లేనిది 35, పదునుకి 9 గంటలు, 3 సానలు: 50 ఖర్చుకి 36 గంటలు, గంటకి 1.39. ఇందులో మార్చడానికి పోయే సమయం కలపలేదు. నూరు గంటల పనిలో మొదటి రెండింటికీ ఐదారు సార్లు విప్పి బిగించాలి, మూడోదానికి పదకొండు సార్లు. ట్రాక్టరు, ముగ్గురు కూలీలు ఖాళీగా నిలబడే ఆ సమయానికి మీరే విలువ కట్టుకోండి. డిస్క్ చిప్పర్‌కైనా డ్రమ్ చిప్పర్‌కైనా ఈ లెక్క మారదు. రెండు వైపులా పదునున్న తిరగేసే బ్లేడులైతే ఒక సెట్టుకి రెండు పదునులు కలుపుకోవాలి.

బిగింపు

మంచి బ్లేడుని చెడ్డగా బిగిస్తే బ్లేడుకే చెడ్డపేరు. ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని, బ్యాటరీ నెగటివ్ విప్పండి. ట్రాక్టర్ చిప్పరైతే పీటీఓ షాఫ్టు (ట్రాక్టరు నుంచి చిప్పర్‌ని తిప్పే కడ్డీ) ఊడదీయండి. రోటరు ఆగిందని కళ్లతో చూసేదాకా హుడ్డు తెరవద్దు. ఇంజను ఆగినా బరువైన డ్రమ్ము నిమిషాల తరబడి తిరుగుతూనే ఉంటుంది. తర్వాత రోటరు లాక్ పిన్ను వేయాలి.

బ్లేడు కూర్చునే చోటుని వైరు బ్రష్షుతో మెరిసేదాకా శుభ్రం చేయండి. అక్కడ మిగిలిన ఒక్క చెక్క పొట్టు బ్లేడుని ఒక పక్క ఎత్తి పెడుతుంది. అలా ఎత్తిన బ్లేడు బోల్టు బిగించగానే వంగి, గట్టి ఉక్కు కాబట్టి దెబ్బ తగిలినప్పుడు రంధ్రం దగ్గర పగులుతుంది. బయటి బ్లేడు విరిగిందని వచ్చే ఫిర్యాదుల్లో ముందు అనుమానించాల్సింది దీన్నే.

బోల్టులు 10.9 లేదా 12.9 బలం గ్రేడువి, యంత్రం పుస్తకం ఏది చెబితే అది. అమెరికా యంత్రాల్లో అంగుళాల మర ఉంటుంది, దగ్గర దగ్గరగా ఉందని మెట్రిక్ బోల్టు ఎక్కించకూడదు. సముద్రపు గాలికి తుప్పు పడుతుందని జింకు పూత పూసిన 12.9 బోల్టులు అంటగట్టే షాపులుంటాయి. అంత గట్టి బోల్టుకి ఆ పూత వేసేటప్పుడు హైడ్రోజన్ చేరి, బిగువులో ఉండగా ఉన్నట్టుండి తెగే అవకాశం ఉంది. నల్ల బోల్టులే వాడి, తరచూ మార్చండి. మరకి నూనె రాయమని పుస్తకంలో లేకపోతే రాయవద్దు. నూనె ఉంటే అదే టార్కుకి బోల్టు మీద పడే లాగుడు బాగా పెరిగిపోతుంది. ఎం12 10.9 బోల్టుకి మామూలుగా 110–120 న్యూటన్ మీటర్ల ప్రాంతంలో ఉంటుంది గాని, పుస్తకంలో ఉన్న అంకెదే చివరి మాట. మధ్య నుంచి చివర్లకి, రెండు విడతలుగా, టార్క్ రెంచితో. ఇంపాక్ట్ గన్నుతో చివరి బిగింపు చేయొద్దు.

అన్విల్ సందు చాలా యంత్రాల్లో ఒకటిన్నర నుంచి మూడు మి.మీ. మధ్య ఉంటుంది. ప్రతి బ్లేడునీ అన్విల్ దగ్గరికి చేత్తో తిప్పి, రెండు చివర్లా ఫీలరుతో కొలవాలి. అన్నిటికంటే బయటికి ఉన్న బ్లేడుని ఆధారంగా తీసుకుని సందు పెట్టాలి, లేకపోతే అది అన్విల్‌ని కొడుతుంది. కొబ్బరి మట్టలకి పుస్తకం అనుమతించిన కనీస సందు పెట్టండి. అన్విల్ అంచు గుండ్రంగా అరిగిపోయి ఉంటే ఎంత కొత్త బ్లేడు వేసినా ముక్కలు పీచుపీచుగానే వస్తాయి; చాలా అన్విల్‌లు తిప్పి వేసుకునే వీలున్నవే, ముందు అది చూడండి. ఒక పూర్తి చుట్టు చేత్తో తిప్పి ఎక్కడా తగలడం లేదని తేలాకే హుడ్డు మూయాలి. మొదటి గంట పని అయ్యాక ఆపి, బోల్టులన్నీ మళ్లీ టార్కు చూడాలి.

సాన

ముక్కలకి బదులు పీచు, పొడి వస్తున్నా, యంత్రం కొమ్మని లాక్కోక తోయాల్సి వస్తున్నా, బెల్టు వాసన వస్తున్నా సాన సమయం దాటిందని అర్థం. చేతి గ్రైండరుతో యంత్రం మీదే గీకడం మంచి బ్లేడుని చంపే పద్ధతి. కోణం పోతుంది, అంచు నీలంగా మారితే అక్కడ వేడి హద్దు దాటినట్టు. నీలం కనపడకపోయినా ఆ వేడికి సన్న పగుళ్లు పడి తర్వాత పెచ్చు లేస్తుంది. ఆటోనగర్లోనో, కంచరపాలెం ఇండస్ట్రియల్ ఎస్టేట్లోనో కూలెంటు పోసి నడిపే సర్ఫేస్ గ్రైండరు ఉన్న షాపుకే ఇవ్వండి. మొత్తం సెట్టుని ఒకేసారి ఇచ్చి, అన్నిటి నుంచి సమానంగా తీయమనాలి. ఏటవాలు వైపు మాత్రమే. చదును వైపు సానకి లేచిన సన్న పొరని నూనె రాయితో తీస్తే చాలు. రాయి ఒక్కోసారి వెళ్లినప్పుడు 0.02 మి.మీ. మించి తీయొద్దని చెప్పండి. తొందరపడే షాపు ఒప్పుకోదు, అలాంటి చోట ఇవ్వకండి. తిరిగొచ్చాక మళ్లీ తూకం, మళ్లీ వెడల్పు. పుస్తకంలో ఇచ్చిన కనీస వెడల్పు దాటి అరిగిన బ్లేడు పదునుగా ఉన్నా పక్కన పడేయాల్సిందే, ఎందుకంటే బోల్టు రంధ్రానికీ అంచుకీ మధ్య మిగిలిన ఉక్కు దెబ్బకి ఆగదు.

విడి సెట్టు నిల్వ గురించి విశాఖలో ప్రత్యేకంగా చెప్పాలి. ఉప్పు గాలికి డీ2 కూడా తుప్పు పడుతుంది. క్రోమియం ఉంది కదా అని నమ్మొద్దు. గ్రీజు పూసి, నూనె కాగితంలో చుట్టి, ఒక్కో బ్లేడు విడిగా, అంచులు ఒకదానికొకటి తగలకుండా పెట్టండి. పదును అంచు మీద పడిన తుప్పు మచ్చ గంటుతో సమానం.

అక్టోబరు, నవంబరు తుఫాను రోజుల్లో బ్లేడుల కోసం అందరూ ఒకేసారి పరిగెడతారు, దొరికినదాన్ని దొరికిన ధరకి కొంటారు. తనిఖీకి సమయం ఉండదు, గ్రేడు లేని మాల్ ఎక్కువగా అమ్ముడుపోయేది అప్పుడే. కంపెనీదైనా బయటిదైనా ఆగస్టులోనే ఆర్డరు పెట్టండి. యంత్రం సీరియల్ నంబరు ప్లేటు, పాత బ్లేడు మీదున్న పార్టు నంబరు, పక్కన స్కేలు పెట్టి తీసిన బ్లేడు, మూడింటి ఫొటోలూ పంపండి. ఒకే మోడలు యంత్రంలో తయారైన ఏడాదిని బట్టి రంధ్రాల దూరం మారవచ్చు, మోడలు పేరు ఒక్కటే చెబితే తప్పు సెట్టు ఇంటికొస్తుంది.